చీలని అచ్చు

ప్రతిరోజూ దుకాణం తలుపులు తీసేది మరదలే. గడియ తీసి, రెండు రెక్కలనూ గోడకు ఆనించి, ముందు గుమ్మం ఊడ్చేది, తర్వాత పనిబల్ల తుడిచేది, ఆ తర్వాత వేరే తుడుపుగుడ్డ తీసుకుని గోడల పొడవునా ఉన్న అరల దగ్గరికి వెళ్ళేది. గుమ్మానికీ బల్లకీ చేతులు చాలు. అరలకు కళ్ళు కూడా కావాలి. ఎందుకంటే ఆ అరల నిండా ఊళ్ళోవాళ్ళ కాళ్ళున్నాయి.

చేత్తో కుట్టే జోడుకు ముందు కాలి అచ్చు కావాలి. మనిషి పాదాన్ని కాగితం మీద గీసి, చేతులతో తడిమి చూసి, ఎండిన కొయ్యలో వేళ్ళతో సహా దాన్ని చెక్కుకోవాలి. ఆ కొయ్య మీద తోలు బిగించి కుడితేనే జోడు ఆ కాలికి అమరుతుంది. ఈ దుకాణంలో అలాంటి అచ్చులు నాలుగు వందల జతలకు పైగా ఉన్నాయి. సరిగా కుదిరిన అచ్చు మనిషితో పాటే బతికేది. నిలబడి పనిచేసేవాడి మడమ మొద్దుబారితే అచ్చు మడమ కూడా మొద్దుబారేది. కడుపుతో ఉన్న అమ్మాయి పాదం ఉబ్బితే కొయ్య కూడా ఉబ్బేది. పిల్లల అచ్చులు ఎదుగుతాయి గనక వాటి మధ్య జాగా వదిలి పెట్టాలి, లేకపోతే ఒకదాన్నొకటి అరమీద నుంచి తోసేసుకునేవి. మనిషి పోయిన క్షణాన అచ్చు మడమ నుంచి వేళ్ళదాకా నిలువునా చీలేది. సరిగా కుదరని అచ్చు మాత్రం ఎవరిదీ కాదు. అది మారదు, చీలదు. ఎన్నాళ్ళున్నా వట్టి కొయ్యే.

ఇందులో ఎవరికీ వింత కనిపించేది కాదు. దూరదేశం వెళ్ళిన కొడుకు సంగతి తెలియక తల్లి వచ్చేది. మరదలు అచ్చు దించి వెలుగులో తిప్పి చూసి, "మడమలు పగిలాయమ్మా, ఉత్త కాళ్ళతో తిరుగుతున్నట్టున్నాడు" అనేది. "రానీ, వాడి కాళ్ళు విరగ్గొడతాను" అని తిట్టుకుంటూ, తేలికపడ్డ గుండెతో ఆ తల్లి వెళ్ళిపోయేది. చీలిన అచ్చు కనబడిన రోజు మరదలు దాన్ని తెల్లగుడ్డలో మూటగట్టి ఆ ఇంటికి తీసుకెళ్ళేది. ఆమె చేతిలో తెల్లమూట చూడగానే వీధిలోవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. తమ ఇల్లు దాటి ఆమె ముందుకు వెళ్ళేదాకా ఎవరి నోటా మాట ఉండేది కాదు.

దుకాణం వదినది. తండ్రి నుంచి ఆమెకు వచ్చింది. తల్లి పోయేనాటికి తమ్ముడు పాలు తాగే పిల్లవాడు, ఆమెకు పదిహేడేళ్ళు. వాణ్ణి చంకనేసుకునే ఉలి పట్టింది, ఆ పనిలో పడి పెళ్ళి సంగతే మరిచిపోయింది. ఇప్పుడు అరవై మూడేళ్ళు. నోరు పదును. "నా నోరూ ఈ ఆరే ఒకటే, గుచ్చితే గానీ పని జరగదు" అని తోలు కుట్టే ఆరెను చూపిస్తూ ఆమే అనేది. మరదలు ఆ తమ్ముడి భార్య. పెళ్ళయిన రెండేళ్ళకు అతను వంతెన పనికి వెళ్ళాడు, ఒక ఏడాదిలో వస్తానన్నాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గడిచాయి. వీధిలో చిన్నా పెద్దా అందరికీ వాళ్ళిద్దరూ వదిన, మరదలే. అసలు పేర్లు ఎవరూ అడగలేదు.

తమ్ముడి అచ్చు వదిన పనిపీటకు పక్కనే, విడిగా, ఒక చిన్న అరలో ఉండేది. అది చీలలేదు. చీలలేదు గనక అతను ఉన్నాడు. ఉత్తరాలు రాయని మనిషి సంగతులన్నీ మరదలు ఆ కొయ్యలోనే చదువుకునేది. ఒక ఏడు ఎడమ మడమ కింద ఆనె లేచింది, బరువులు మోస్తున్నాడనుకుంది. ఒక ఏడు చిటికెన వేలు లోపలికి వంగింది, అక్కడ ఎవడో ఇరుకు జోళ్ళు కుడుతున్నాడని ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి ఆ పాదాలు నున్నబడ్డాయి. పగుళ్ళు పూడి, ఆనెలు కరిగి, నెలల తరబడి ఎవరో శ్రద్ధగా నూనె రాసిన కాళ్ళలా తయారయ్యాయి. అతని కాళ్ళకు నూనె రాసే ఆడమనిషి ఎవరో ఉందని మరదలికి అర్థమైంది. ఆ ఏడాదంతా ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అడగడానికి మనిషి ఎదుట లేడు, కొయ్యను నిలదీయలేదు.

అంతకు ముందు ఒక సంగతి జరిగింది. నెలకొకసారి తోలు ఎంచి తేవడానికి వదిన మరదలినే తోళ్ళబజారుకు పంపేది, తాను వెళ్ళేది కాదు. అక్కడ తోలుకు రంగు వేసే ఒకాయన ఉండేవాడు. భార్య పోయినవాడు, మణికట్ల దాకా ఎప్పుడూ గోధుమరంగు దిగని చేతులు. తోలు వాసన చూసి దాని వయసు చెప్పే మరదలు ఆయనకు నచ్చింది. పద్నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, ఆరేసిన తోళ్ళ మధ్య నిలబడి, తనతో వచ్చేయమని అడిగాడు. "ఆయన అచ్చు నిక్షేపంగా ఉందండీ" అంది మరదలు. అంతకు మించి చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు, వినడానికి ఆయనకూ ఏమీ మిగల్లేదు. నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం అర తుడుస్తుంటే గుడ్డ కింద చీలిపోయి దొరికింది రంగులాయన అచ్చే. తెల్లమూట కట్టుకుని తోళ్ళబజారుకు ఆమే నడిచింది. ఆయన చెల్లెలు తలుపు తీసి, మూటనూ మరదలి ముఖాన్నీ చూసి, నువ్వు కూర్చో, నేను మంచినీళ్ళు తెస్తాను అంది.

ఆ ఏడే వదిన కుడిచేయి వణకడం మొదలైంది. ముందు దారం సూదిలోకి వెళ్ళనని మొరాయించింది, తర్వాత ఉలి గీత దాటింది. అప్పటినుంచి కొత్త అచ్చులన్నీ మరదలే చెక్కుతోంది. ఆమె చెక్కినవి మనుషులతో పాటు ఉబ్బాయి, అరిగాయి, రెండు మూడు చీలాయి కూడా. అంటే చేయి కుదిరిందన్నమాట. అందుకని, దుకాణానికి వారసుణ్ణి వెతుకుతున్నానని వదిన ప్రకటించినప్పుడు వీధిలోవాళ్ళు వేళాకోళమనుకున్నారు. ఇంట్లో పొయ్యి పెట్టుకుని నిప్పుకోసం ఊరంతా తిరగడమేమిటని ఎదురింటి దర్జీ మొహమ్మీదే అడిగేశాడు.

వదిన చెప్పిన కారణం ఒక్కటే. తన తర్వాత దుకాణం తమ్ముడిది. వాడు బతికుండగా వాడి పెళ్ళాం పేర పెట్టడం వాణ్ణి చంపుకోవడంతో సమానం. వాడొచ్చేదాకా అరలు చూసుకునే పరాయి మనిషి కావాలి. ఆ వచ్చినవాడు తమ్ముడి అచ్చును కూడా చెక్కగలిగి ఉండాలి, ఎప్పుడేం అవసరం పడుతుందో తెలియదు. మరదలు ఆ పనికి పనికిరాదు. పక్క పంచుకున్న మనిషి కాలు చెక్కకూడదన్నది ఆ దుకాణంలో తాతల నాటి కట్టుబాటు.

"అయితే ఆ వచ్చినవాడి కింద నేను కూలికి కుట్టాలా వదినా?" అని మరదలు ఒకే ఒక్కసారి అడిగింది.

"ఇన్నాళ్ళూ ఎవరి కింద కుట్టావే? నీ మొగుడి కిందే కదా. వాడొస్తే అంతా నీదే."

నలభై నాలుగేళ్ళు వచ్చాయి మరదలికి. ఆ బల్లకు వంగి వంగి నడుము ఒక పక్కకు ఒరిగింది. ఆ నాలుగు గోడలు తప్ప వెళ్ళడానికి చోటు లేదు, ఆ పని తప్ప చేయడానికి విద్య లేదు. కొత్త మనిషికి తన ముఖం నచ్చకపోతే రేపు గుమ్మం బయటే. అది తెలిసి కూడా, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమే పీట వేసి టీ ఇచ్చింది.

మొదట వచ్చినవాడు దూరపు చుట్టం. కూర్చోకముందే మేడ మీద ఎన్ని గదులని అడిగాడు. ఎన్నైతేనేం, మెట్లు దిగేటప్పుడు అన్నీ ఒకటేనని చెప్పి వదిన వాణ్ణి పంపించేసింది. రెండో ఆమె గుర్రపు జీన్లు కుట్టిన మనిషి, ఉక్కులాంటి వేళ్ళు. తమ్ముడి కాలు గీసిన పాతికేళ్ళ నాటి కాగితం చేతికిచ్చి, ఇప్పుడు ఎలా ఉంటుందో చెక్కమంటే, చూడని కాలిని ఎలా చెక్కను, నేనేమైనా సోదిదాన్నా అని కాగితం బల్లమీద పెట్టి లేచిపోయింది. మూడోవాడు ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మర్యాదస్తుడు. మెడలో ఎప్పుడూ కొలతటేపు వేలాడుతుండేది, మాటకు ముందు దాన్ని సవరించుకునేవాడు. వీధి అతనికి కొలతలాయన అని పేరు పెట్టింది. కాగితం మీది గీతను పదిచోట్ల కొలిచి, లెక్క కట్టి, రెండు రోజుల్లో తళతళలాడే ఒక జత చెక్కి తెచ్చాడు. వదిన దాన్ని ఒక్కసారి అరచేతిలో తిప్పింది.

"బాగుంది నాయనా. గిన్నె కూడా ఇలాగే నున్నగా ఉంటుంది" అంది.

అతను నొచ్చుకున్నా పైకి కనబడనీయకుండా వెళ్ళాడు. ఆ జతను ఇంటికి తీసుకుపోలేదు. మరదలు ఒకదాన్ని తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పెట్టింది.

ఆ తర్వాతి నెల తోళ్ళబజారుకు వెళ్ళిన మరదలు మధ్యలోనే వెనక్కి వచ్చింది. వ్యాపారి ఇంట్లో ఎవరో పోయారు, బజారు మూసేశారు. దుకాణం తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి అడుగు పెట్టింది.

వదిన తన పనిపీట మీద కూర్చుని ఉంది. జోళ్ళు విడిచి, ఎడమకాలు ఎదుటి ముక్కాలిపీట మీద చాపుకుంది. తమ్ముడి అచ్చు ఒళ్ళో ఉంది. వణికే చేత్తో చిన్న ఉలి పట్టుకుని, తన కాలివంక ఒకసారి, కొయ్యవంక ఒకసారి చూస్తూ చెక్కుతోంది. బల్లమీద తాజా చెక్కపేళ్ళు ఉన్నాయి, వాటి మధ్య గింజంత ముక్క ఒకటి పడి ఉంది.

"ఆయన కాలికి ఏం చేస్తున్నారు వదినా?"

వదిన దాచిపెట్టే ప్రయత్నం చేయలేదు. "చెయ్యి జారింది. చిటికెన వేలు పోయింది" అంది.

మరదలు దగ్గరికి వెళ్ళి నిలబడింది. పీట మీది కాలు, ఒళ్ళోని అచ్చు పక్కపక్కనే ఉన్నాయి. మడమ కింద అదే ఆనె. చిటికెన వేలి దగ్గర అదే వంపు. తొమ్మిదేళ్ళ కిందట వదిన ఐదు నెలలు మంచాన పడింది. ఆ ఐదు నెలలూ పొద్దునా సాయంత్రం ఆ కాళ్ళకు నూనె రాసింది తానే. ఏ ఆడదాన్ని తలచుకుని ఏడాదంతా కుమిలిపోయిందో ఆ ఆడది ఎవరో మరదలికి తెలిసిపోయింది.

వదిన మాట్లాడుతూ పోయింది. ఏళ్ళ తరబడి లోపల మూలిగిన సంగతి బయటికి రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. తమ్ముడు వెళ్ళిన తొమ్మిదో నెలలో అచ్చు చీలింది. అప్పుడు కూడా మరదలు తోలు కోసం వెళ్ళి ఉంది. వదిన ఆ రెండు బద్దలనూ పొయ్యిలో పెట్టి, మరదలు తిరిగొచ్చేలోగా కొత్త కొయ్య తీసి చెక్కడం మొదలుపెట్టింది. అది చీలలేదు. ఏడాది చూసింది, చీలలేదు. కానీ మారడం లేదు. మారకపోతే మరదలికి అనుమానం వస్తుంది. అక్క కాలూ తమ్ముడి కాలూ ఒకే అచ్చున పడ్డవని చిన్నప్పటినుంచీ అందరూ అనేదే. అందుకని తన కాలు ఎలా ముదురుతుంటే దాన్నీ అలా ముదిరిస్తూ వచ్చింది.

"మొదటిది చీలినప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పను? చెక్కలో ముడి ఉంది. అందుకని చీలింది."

"ముడి చూశారా మీరు?"

"చూడాలా? ముడి లేకపోతే ఎందుకు చీలుతుందే?" వదిన తల ఎత్తింది. ఆమె కళ్ళలో మోసం లేదు, అదే మరదలిని భయపెట్టింది. "రెండోది చీలలేదు కదా. పంతొమ్మిదేళ్ళు. దానికేమంటావు?"

"అది మారను కూడా మారలేదు వదినా. మారనిది ఎవరిదీ కాదని నాకు నేర్పింది మీరే."

వదిన విరిగిన చిటికెన వేలి ముక్కను అచ్చుకు ఆనించి, అతుకుతుందేమోనని చూసింది. ఆరేసిన తోళ్ళ మధ్య నిలబడ్డ ఒక మనిషి, మణికట్ల దాకా గోధుమరంగు చేతులు, తన నోటి నుంచి వెళ్ళిన ఒకే ఒక్క వాక్యం మరదలికి గుర్తొచ్చాయి. ఆ వాక్యం ఈ చెక్కపేళ్ళలో నుంచి పుట్టింది. కోపం ఎంతసేపటికీ రాలేదు. వచ్చేదేమో గానీ, దానికంటే ముందు తెలుసుకోవాలన్న ఒక మొండి ఆరాటం వచ్చి కూర్చుంది.

"నేను చెక్కుతాను" అంది.

"పక్క పంచుకున్నవాళ్ళు చెక్కకూడదు. కొలత చేతిలో ఉండాలి, మనసులో కాదు."

"మీరు పాలు పట్టి పెంచారు. మీ కొలత ఎక్కడుందట?"

వదిన చాలాసేపు తన కాలివంక చూసుకుంది. ఆ తర్వాత నెమ్మదిగా జోడు తొడుక్కుని, లేచి, వెనకగదిలో నుంచి ఎండిన కొయ్య దిమ్మ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది.

"చెక్కు. అది నిలిస్తే దుకాణం నీది. వాడొచ్చినా నీదే."

"చీలితే?"

"చీలదు" అంది వదిన.

మర్నాడు మరదలు కాగితం ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని, రెండు అరచేతులూ దగ్గరగా పెట్టుకుని, వాటి మధ్య ఇరవై ఏళ్ళ కిందట ఉండిన బరువు కోసం వెతికింది. రెండేళ్ళ కాపురం. అందులో ఆమె అతని ముఖం మరిచిపోయింది, గొంతు కూడా దాదాపు మరిచిపోయింది. కానీ చేతులు వేరే. పని చేసి వచ్చి గుమ్మంలో కూర్చుంటే ఆ కాళ్ళు కడిగిన చేతులివి. ఎత్తైన వంపు, బొటనవేలిని దాటిన రెండో వేలు, కుడి చీలమండ మీద చిన్నప్పుడు ఉలి పడ్డ గాటు. బాడిశతో పైపైన చెక్కి, ఉలికి దిగి, మధ్యాహ్నానికి నునుపు చేయడానికి ఆకురాయి పట్టింది. వయసు జోలికి పోలేదు. వెళ్ళిననాటి కాలు చెక్కితే చాలు. మనిషి ఉంటే మిగతా ఇరవై ఏళ్ళూ కొయ్యే చూసుకుంటుంది.

సాయంత్రానికి కుడికాలు పూర్తి కావచ్చింది. రెండో వేలి పక్కన గోరు మందాన కొయ్య ఎక్కువ ఉంది, అంతే. మరదలు ఆకురాయి ఆపింది. ఆ గోరు మందం అలా వదిలేస్తే అది అతని కాలు కాదు. కాలు కాదు గనక ఏనాటికీ చీలదు. ఊరందరికీ, చివరికి వదినకు కూడా తేడా తెలియదు. వణికే వేళ్ళకు అంత సన్నని తేడా అందదు. దుకాణం, ఆరె, బల్ల, పైకప్పు అన్నీ ఆ గోరు మందంలో ఉన్నాయి. వదిన ఎదుటి పీట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది. మరదలు ఆ ఒక్క పాపం చేసి ఉంటే ఆమెను తప్పుపట్టడానికి ఎవరికి నోరు వస్తుందో చెప్పడం కష్టం. ఆమెకు అబద్ధం అంటే అసహ్యం ఏమీ లేదు. కానీ తప్పని తెలిసి ఒక అచ్చును వదిలేయడం ఆ చేతులకు అలవాటు లేదు. అవి వాటంతటవే కదిలాయి. ఆకురాయి నాలుగుసార్లు ఆడింది.

ఎండుపుల్ల విరిగినంత చప్పుడైంది. మడమ దగ్గర మొదలైన గీత వంపు దాటి, వేళ్ళ మధ్య నుంచి బయటికి వెళ్ళింది. ఆమె చేతుల్లో రెండు బద్దలు మిగిలాయి.

తర్వాత వదిన లేచింది. "చెక్కలో ముడి ఉంది" అని, ఇంకో దిమ్మ తెచ్చి బల్లమీద పెట్టింది.

రెండోది మర్నాడు చీలింది. మూడో దిమ్మను వదినే ఎంచింది. వెలుగులో పట్టి నాలుగు పక్కలా చూసింది, వేలితో కొట్టి చెవి ఆనించి విన్నది, నాలుకతో తడి చేసి నార నడక చూసింది. అందులో ముడి లేదని ఆమె కంటే బాగా తెలిసినవాళ్ళు లోకంలో లేరు. అది కూడా ఆఖరి రుద్దుడుకు చీలింది. మూడుసార్లూ ఒకే చోట మొదలై ఒకే దారిన చీలిక వెళ్ళింది. మరదలు మూడుసార్లు విధవ అయింది, మూడుసార్లు ఆ ఊళ్ళో తనను మించిన చేయి లేదని రుజువు చేసుకుంది. రెంటిలో దేనికీ ఏడవలేకపోయింది.

వదిన తలుపు దగ్గరికి నడిచి వంగింది. అడ్డంగా పెట్టిన కొలతలాయన అచ్చును తీసి, చీరచెంగుతో దుమ్ము తుడిచి, పనిపీట పక్కనున్న చిన్న అరలో పెట్టింది.

"అది తప్పని మీకు తెలుసు" అంది మరదలు.

"తెలుసు. నాకు నిలిచేది కావాలి."

పొద్దున కొలతలాయనకు కబురు వెళ్ళింది. అతను టేపు సవరించుకుంటూ వచ్చి, మరదలు కూర్చునే చోట కూర్చోవడానికి మొహమాటపడి, నిలబడే ఉన్నాడు. మీరు ఉండండి, నాకు పని చూపించండి అని నిజంగానే బతిమాలాడు. మరదలు తన ఆరెలు, ఉలి, ఆకురాయి ఒక సంచిలో వేసుకుంది. మూడు జతల బద్దలనూ తెల్లగుడ్డలో మూటగట్టింది. చీలిన అచ్చును ఆ ఇంటివాళ్ళకు అప్పజెప్పడం ఆమె పని. ఈసారి ఆ ఇల్లు తనదే గనక మూట తానే పట్టుకుని వీధిలోకి దిగింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టుకుని చూశారు. ఆమె ఏ ఇంటి ముందూ ఆగకుండా వీధి చివరిదాకా వెళ్ళిపోయింది.

రంగులాయన పోయాక మూతబడ్డ కొట్టును ఆయన చెల్లెలు ఆమెకు తెరిచి ఇచ్చింది. నేలంతా గోధుమరంగు మరకలు, ఎంత కడిగినా పోనివి. మరదలు అక్కడ ఒక బల్ల, ఒక అర వేసుకుంది.

పాత దుకాణం మాత్రం వెలిగింది. కొలతలాయన జోళ్ళు చూడముచ్చటగా ఉండేవి, మడమ దగ్గర కాస్త కరిచేవి, అలవాటు పడితే అదీ తెలిసేది కాదు. అతని అచ్చులు చీలేవి కావు. పాతవి చీలితే వాటి స్థానంలో కొత్తవి చెక్కి పెట్టేవాడు, ఎవరికీ చెప్పేవాడు కాదు. అందులో కపటం లేదు, జనాన్ని బాధపెట్టడం అతనికి ఇష్టం లేదు. ఏడాది తిరిగేసరికి ఆ వీధిలో తెల్లమూట కనబడటం మానేసింది. కొత్తాయన హస్తవాసి మంచిదని ఊరంతా మెచ్చుకుంది. దూరాన ఉన్నవాళ్ళ తల్లులు వచ్చి, నున్నగా నిగనిగలాడే కొయ్యను చూసి, కడుపు నిండి వెళ్ళేవారు. మరదలికి మాత్రం పగుళ్ళమ్మ అని పేరు పడింది. ఆమె కొట్టుకు తెలుసుకునే తీరాలనుకున్నవాళ్ళే వచ్చేవారు. వాళ్ళు ఎప్పుడూ తక్కువే. లోపలికి వచ్చేముందు వీధికి అటూ ఇటూ చూసుకునేవారు.

రెండో ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. తలమీద గోనె కప్పుకుని, గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. మనిషి సగమైంది, వణుకు మెడదాకా పాకింది. మరదలు పీట వేసింది. వదిన కూర్చుని, కష్టపడి జోళ్ళు విప్పి పక్కన పెట్టి, కుడికాలు ముందుకు చాపింది.

"నాది చెక్కు."

"ఆయన చెక్కలేదా మీకు?"

"చెక్కాడు. ఏడాదికి పైగా అరలో మిలమిలలాడుతోంది. ఒక్క ముడత పడలేదు." వదిన కాలి మీద వాన చుక్కలు తుడుచుకుంది. "నేను చచ్చినా దానికి తెలియదే అమ్మాయ్."

మరదలు కాగితం పరిచింది. చుట్టూ గీత గీసి, కాగితం పక్కన పెట్టి, ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఇద్దరూ తమ్ముడి పేరు ఎత్తలేదు. వదిన క్షమించమని అడగలేదు, మరదలు క్షమించానని అనలేదు. దానికి సరిపోయే మాట ఏదీ వాళ్ళ వృత్తిలో లేదు. రెండో పాదం కూడా తడిమి చూసి, మరదలు కొయ్య తీసుకుంది. ఆమె చెక్కినంతసేపూ వదిన ఆ పీట మీదే కూర్చుంది. మధ్యలో ఒకసారి మాత్రం, అక్కడ ఇంకాస్త తియ్యి అంది. నిజమే, అక్కడ ఇంకాస్త తీయాలి.

ఆకురాయి ఆగాక ఇద్దరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. రేకు మీద వాన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అచ్చు నిలిచింది. అరనిమిషం గడిచాక దాని చీలమండ దగ్గర, వదినకు ఉన్నచోటే, కొద్దిగా వాపు తేలింది.

"ఉన్నానన్నమాట" అంది వదిన.

అచ్చులను గుడ్డలో చుట్టి ఇవ్వబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఇక్కడే ఉండనీ. చీలిన రోజు ముందు నువ్వు చూడాలి. నువ్వే ఆ మూట పట్టుకుని మన వీధిలోకి రావాలి. ఈ విద్య నేర్చుకోవాలనుకున్నవాళ్ళు ఆ రోజు నీ వెనక వస్తారేమో."

"రాకపోతే?"

"రాకపోతే ఆ తెల్లమూట నాతో సరి."

వానలో పోవద్దని మరదలు అంది. వదిన వినలేదు. కరిచే జోళ్ళను చేత్తో పట్టుకుని, గోనె కప్పుకుని, ఉత్త కాళ్ళతో గోడ వెంట వెళ్ళిపోయింది. మరదలు అచ్చుల జతను అరలో పెట్టి, కుట్టవలసిన తోలు తీసుకుని, మళ్ళీ ఎందుకో తల తిప్పి చూసింది. కొయ్య అరికాళ్ళు నల్లగా తడిశాయి. చూస్తుండగా వేళ్ళ సందుల్లో బురద తేలింది, మడమ కింద చిన్న రాయి గుచ్చుకున్న గుంట పడి మెల్లగా పూడింది. మరదలు తోలు పక్కన పెట్టేసింది. అరకు ఎదురుగా పీట జరుపుకుని, ఆ తడి ఆరేదాకా కదలకుండా కూర్చుంది.